తెనాలి చుట్టూ పన్నెండు నెలలు, చేతిలో ఒకే 300 లెన్సు

ప్రశ్న: మాది తెనాలి. ఏడాది కిందట మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, 70-300 (మిల్లీమీటర్ల జూమ్) లెన్సు కొన్నాను. ఆదివారాలు పొద్దున తొమ్మిదిన్నర దాకే నాకు తీరిక. పక్షుల ఫొటోలు తీయాలని ఎంతో కోరిక. కానీ తీసినవన్నీ మసకగా ఉంటున్నాయి, పక్షి చుక్కంత కనిపిస్తోంది. పెద్ద లెన్సు లేకపోతే కష్టమని, నాగర్‌హోళె, తడోబా లాంటి అడవులకు వెళ్లాల్సిందేనని స్నేహితులు అంటున్నారు. మా ఊరి దగ్గర ఏ కాలంలో ఏం దొరుకుతాయి? కెమెరాలో ఏం పెట్టుకోవాలి? పెద్ద లెన్సు కొనమంటారా?

సమాధానం: మీ స్నేహితులు చెప్పిన రెండూ ఇప్పుడే అవసరం లేదు. మీరుండేది కృష్ణా పశ్చిమ డెల్టా నడిబొడ్డున. ఊళ్లోంచే మూడు కాలువలు పారుతున్నాయి, ఊరు దాటితే మాగాణి. ఇక్కడ పక్షి ఎక్కడుంటుందో తెలియాలంటే నీళ్లు ఎక్కడున్నాయో చూస్తే చాలు. కాలువలు ఎప్పుడు వదులుతారు, దమ్ము ఎప్పుడు చేస్తారు, కోతలు ఎప్పుడు, కాలువలు ఎప్పుడు కట్టేస్తారు? ఈ నాలుగూ రైతుకు తెలిసినంత బాగా మీకూ తెలిస్తే, ఇంటి నుంచి పది కిలోమీటర్ల లోపే ఏడాదికి సరిపడా పని దొరుకుతుంది.

ముందు మసక సంగతి తేల్చుకుందాం. ఫొటోను కంప్యూటర్‌లో నూరు శాతానికి పెంచి చూడండి. పక్షి, కొమ్మ, ఆకులు అన్నీ ఒకే దిక్కుకు సాగినట్టుంటే చెయ్యి కదిలింది. కొమ్మ స్పష్టంగా ఉండి పక్షి మాత్రమే చెదిరితే పక్షి కదిలింది, షట్టర్ స్పీడ్ (కెమెరా వెలుగును లోపలికి వదిలే సమయం; 1/1000 అంటే సెకనులో వెయ్యో వంతు) చాలలేదు. పక్షికి ముందున్న గడ్డిపోచ చక్కగా ఉండి పక్షి మసకైతే ఫోకస్ తప్పింది. నీళ్లలోంచి చూసినట్టు అంతా అలలు అలలుగా ఉంటే అది ఎండ సెగ. దానికి ఏ లెన్సూ మందు కాదు. కొత్తవాళ్ల ఫొటోల్లో ఎక్కువగా ఈ నాలుగే ఉంటాయి. నాలుగింటికీ విరుగుడు ఒకటే కాదు కాబట్టి ఏది ఎందుకు చెడిందో పేరు పెట్టుకోవడం అవసరం.

చెయ్యి కదిలినా, పక్షి కదిలినా ఫొటో చెదరడానికి కారణం ఒకటే, షట్టర్ స్పీడ్ తక్కువ కావడం. కెమెరాను ఆటోలో వదిలేస్తే అది 1/125, 1/200 ఎంచుకుంటుంది. మాన్యువల్ మోడ్‌కు మార్చి, అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/5.6 దగ్గర, షట్టర్ 1/1000 దగ్గర పెట్టి, ఐఎస్‌ఓను (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రత) ఆటోలో వదిలి, దాని గరిష్ఠ హద్దు 3200 చేయండి. చాలా కెమెరాల్లో ఇలా పెట్టాక కూడా ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును మనం ప్లస్, మైనస్ చేసుకునే వీలు) పనిచేస్తుంది. మీదాంట్లో పనిచేయకపోతే షట్టర్ ప్రయారిటీ మోడ్ (షట్టర్ మనం, అపర్చర్ కెమెరా ఎంచుకునేది) వాడండి. తీగ మీద కదలకుండా కూర్చున్న పక్షికి 1/500 చాలు. కొంగ, గూడబాతు లాంటి పెద్దవి ఎగిరితే 1/1250. పాలపిట్ట, లకుముకి లాంటివి ఎగిరేటప్పుడు 1/2500కు తగ్గొద్దు. లెన్సులో ఉండే స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుంది కానీ పక్షి రెక్కను ఆపదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. మబ్బు పట్టి ఐఎస్‌ఓ 3200 దాకా పోయినా కంగారు పడకండి. ఫొటోలో గింజలు కనిపిస్తే తర్వాత సరిచేసుకోవచ్చు. చెదిరిన ఫొటోను సరిచేసే దారి లేదు.

ఫోకస్ విషయానికొస్తే, అన్ని పాయింట్లూ కెమెరా ఇష్టానికి వదిలితే అది దగ్గరున్న గడ్డినే పట్టుకుంటుంది. మధ్య పాయింటు ఒక్కటే ఉంచండి. కదిలేవాటిని వెంటాడే మోడ్ కెనాన్‌లో ఏఐ సర్వో, నికాన్‌లో ఏఎఫ్-సీ. ఎప్పుడూ అదే ఉంచి, పాయింటును పక్షి కంటి మీద పెట్టండి. ముక్కు కొన మసకైనా చూసేవాళ్లు పట్టించుకోరు. కన్ను మసకైతే మాత్రం ఆ ఫొటో పోయినట్టే.

తెల్లటి పక్షులు, నల్లటి పక్షులు కెమెరాను మోసం చేస్తాయి. ఎండలో తెల్లకొంగను తీసేటప్పుడు కాంపెన్సేషన్ మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించండి, లేకపోతే ఈకల గీతలు పోయి సున్నం పూసినట్టు వస్తుంది. నీటికాకికి, పసులపోలిగాడికి ప్లస్ 0.7. ఆకాశం వెనకాలుండగా ఎగిరే పక్షికి ప్లస్ 1, ఒక్కోసారి ప్లస్ 1.7. మంచులో ప్లస్ 0.7. ఒక ఫొటో తీసి హిస్టోగ్రామ్ (కెమెరా చూపే వెలుగు గ్రాఫ్) చూడండి. కుడి గోడకు అతుక్కుపోయి ఉంటే ఇంకా తగ్గించాలి.

ఇక చుక్కంత పక్షి. ఇది లెక్కతో తేలే విషయం. మీ కెమెరా సెన్సర్ (వెలుగును పట్టే పలక) వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు. 300 దగ్గర పెడితే, 10 మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు 78 సెంటీమీటర్లు. 5 మీటర్లలో 39 సెంటీమీటర్లు, 20 మీటర్లలో ఒకటిన్నర మీటరు. 28 సెంటీమీటర్ల తెల్లగొంతు లకుముకిని 10 మీటర్ల నుంచి తీస్తే ఫ్రేములో మూడో వంతు ఆక్రమిస్తుంది. అది చక్కటి ఫొటో. అదే 40 మీటర్ల నుంచి తీస్తే పదో వంతు కూడా రాదు. మీరిప్పుడు చేస్తున్నది బహుశా అదే. కాబట్టి ప్రశ్నను కొంచెం మార్చుకోండి: ఏ పక్షి నన్ను 10 మీటర్ల దాకా రానిస్తుంది, ఏది 20 మీటర్ల నుంచే ఫ్రేము నింపేంత పెద్దది? ఏ కాలంలో ఎక్కడికి వెళ్లాలో దీన్నిబట్టే తేల్చుకోవాలి.

మీ ఉత్తరం మే నెలాఖరున వచ్చింది, రోహిణి కార్తె. కాలువలు కట్టేసి ఉన్నాయి. చాలామంది కెమెరా బీరువాలో పెట్టేసే రోజులివి. అది పొరపాటు. కాలువ అడుగున, లాకుల కింద మిగిలిన మడుగుల్లో చేపలన్నీ ఒక్కచోటికి చేరతాయి. మిగతా ఏడాదంతా మైళ్ల పొడవునా చెల్లాచెదురుగా తిరిగే తెల్లకొంగలు, గుడ్డికొంగలు, లకుముకి పిట్టలు ఆ నాలుగు గజాల నీటి దగ్గరికే వస్తాయి. ఉదయం అయిదున్నరకల్లా కట్ట మీద కూర్చోవాలి. ఎనిమిది దాటితే సెగ మొదలవుతుంది, అప్పుడు 10 మీటర్లకు మించిన దూరంలో ఏం తీసినా నీళ్లలో ఉన్నట్టే వస్తుంది. మీ కాలువలు దాదాపు ఉత్తరం నుంచి దక్షిణానికి పారతాయి కాబట్టి, పొద్దున తూర్పు కట్ట మీద కూర్చుంటే సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, అవతలి గట్టు మీదున్న పక్షి కంట్లో మెరుపు వస్తుంది. నిలబడి తీయకండి. కూర్చోండి, వీలైతే బోర్లా పడుకోండి. కెమెరా పక్షి కంటికి సమంగా ఉన్నప్పుడు వెనకున్న గట్టు దూరమై, పచ్చటి తెరలా కరిగిపోతుంది. పైనుంచి కిందికి తీస్తే పక్షి వెనకే బురద.

ఇదే కాలంలో కాలువ కట్టల మట్టి గోడల్లో పచ్చటి పసరిక పిట్టలు బొరియలు చేసి గుడ్లు పెడతాయి. 300 లెన్సు ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచి పక్షి లేదు. ఒక ఎండుపుల్ల మీద కూర్చుంటుంది, ఎగిరి తూనీగనో తేనెటీగనో పట్టుకుంటుంది, తిరిగి అదే పుల్ల మీదికి వస్తుంది. తేనెటీగ అయితే పుల్లకేసి టపటపా కొట్టి ముల్లు ఊడగొట్టాకే మింగుతుంది. పక్షి వెంట పరుగెత్తొద్దు. పుల్ల మీద ఫోకస్ చేసుకుని, ఎండ వీపు మీద పడేలా, 5 నుంచి 7 మీటర్ల దూరంలో కూర్చోండి. అది ఎగిరిపోయినప్పుడు కెమెరా దించకండి. తిరిగి వచ్చే క్షణమే మీకు కావలసింది. షట్టర్ 1/2500. నాలుగైదు ఫ్రేములకు మించి ఒకేసారి నొక్కకండి. మీ తరహా కెమెరాలో రా ఫైళ్లతో (కెమెరా కుదించకుండా దాచే పెద్ద ఫొటో ఫైళ్లు) తాత్కాలిక మెమరీ త్వరగా నిండిపోయి, అసలు క్షణంలో కెమెరా మొరాయిస్తుంది.

ఒక్క సంగతి మాత్రం తప్పకుండా గమనించాలి. పిట్ట నోట్లో పురుగు పట్టుకుని పుల్ల మీద కూర్చుని, బొరియలోకి వెళ్లకుండా తల అటూ ఇటూ తిప్పుతుంటే, మీరు దాని పిల్లలకు అడ్డంగా ఉన్నారని అర్థం. వెంటనే లేచి పది అడుగులు వెనక్కి రండి. రెండు నిమిషాల్లో లోపలికి పోకపోతే అక్కడి నుంచి వచ్చేయండి. ఎండాకాలం బొరియలోని పిల్లలు ఆకలికి ఆగలేవు. ఇలాంటి బొరియ దగ్గర ఎంత బాగున్నా ఇరవై నిమిషాలకు మించి కూర్చోవద్దు. కొమ్మలు విరిచి దారి చేస్తే కాకులకు, పిల్లులకు దారి చూపినట్టే. పక్షి కూత ఫోనులో పెట్టి పిలవడం కూడా మానేయండి. ఈ కాలంలో పక్షి తన హద్దులోకి వేరే పక్షి వచ్చిందనుకుని గూడు వదిలి వెతుక్కుంటుంది.

ఈ ఎండల్లో ఇంటి దగ్గరే చేసే పని ఇంకొకటుంది. పెరట్లోనో డాబా మీదో వెడల్పాటి మట్టి మూకుడు పెట్టండి. నీళ్లు రెండు అంగుళాలకు మించొద్దు. మధ్యలో ఒక గరుకు రాయి, పక్కన ఒక ఎండుకొమ్మ ఉంచండి. దోమలు పెరగకుండా రోజూ నీళ్లు మార్చాలి. మూకుడు కిటికీకి మూడు మీటర్ల దూరంలో ఉండాలి, మూకుడు వెనక గోడ కాకుండా కనీసం అయిదు మీటర్ల ఖాళీ, ఆ తర్వాత చెట్టు ఉండాలి. చాలా 70-300 లెన్సులు మీటరు, మీటరున్నర కంటే దగ్గరగా ఫోకస్ చేయవు కాబట్టి మూడు మీటర్లు సరిగ్గా సరిపోతుంది. గదిలో లైటు ఆర్పి, కిటికీకి ముదురు రంగు బట్ట కట్టి, చీలికలోంచి లెన్సు బయటికి పెట్టండి. వారం పది రోజులకు పిగిలి పిట్టలు, గోరింకలు, తేనెపిట్టలు అలవాటు పడతాయి. ఎనిమిది దాటాక కూడా తీయగలిగింది ఇదొక్కటే, ఎందుకంటే మూడు మీటర్లలో సెగ ప్రభావం ఉండదు.

మృగశిర వచ్చి తొలకరి పడితే రెండు వారాలు నేలను చూడండి. ఆరుద్ర కార్తెకు అటూ ఇటూ, మంచి వాన పడిన మర్నాటి ఉదయం, ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. ఇవి మీ నల్లరేగడి మాగాణిలో దొరకడం కష్టం. గుంటూరు దాటాక కొండవీడు వైపు మెట్ట ఎర్రనేలలు, బాపట్ల వైపు ఇసుక నేలలు చూడాలి. సెంటీమీటరు ఉండే ఎర్ర మఖమలు ముక్క. దీనికి మీ లెన్సు చాలదు. ఫోనును తలకిందులుగా తిప్పి, లెన్సు నేలకు ఆనేలా పెట్టి తీయండి, అద్భుతంగా వస్తుంది. ఎరుపు రంగు ముద్దలా కాకుండా నూగు కనిపించాలంటే వెలుగు తగ్గించి తీయాలి. ఎండ పెరగ్గానే ఇవి నేలలోకి పోతాయి, ఎనిమిది లోపే పని ముగించాలి. చేత్తో పట్టి డబ్బాలో వేసుకోవద్దు.

తర్వాత కాలువలకు నీళ్లు వదులుతారు. తేదీ ఏటా ఒకేలా ఉండదు, కాబట్టి ఊళ్లో రైతునే అడగండి. నీళ్లు పొలానికెక్కి, ఇనుప చక్రాల ట్రాక్టరు దమ్ములోకి దిగిన రోజు మీ పండగ. ట్రాక్టరు వెనకే యాభై, వంద తెల్లకొంగలు నడుస్తాయి. చక్రం తిప్పిన మట్టిలోంచి బయటపడే పురుగులు, కప్పలు, నత్తల కోసం ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ హడావుడిలో మనిషిని అసలు పట్టించుకోవు, ఎనిమిది మీటర్ల దాకా వస్తాయి. ఇక్కడ లెన్సును 70 నుంచి 120 మధ్య పెట్టి, ట్రాక్టరు, మనిషి, బురద, కొంగలు అన్నీ కలిపి తీయండి. అడవిలో దొరికే పులి ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటుంది, మన డెల్టా బొమ్మ మాత్రం ఇదే. నల్ల బురద ఫ్రేములో ఎక్కువగా ఉంటే కెమెరా వెలుగు పెంచేస్తుంది, కొంగలు తెల్లసున్నమవుతాయి. మైనస్ 1 తప్పనిసరి. ఒక్కమాట, రైతును అడిగాకే గట్టెక్కండి. కొత్త గట్టు మెత్తగా ఉంటుంది, మీ బరువుకు తెగితే ఆయన మడి నీళ్లన్నీ పోతాయి.

ఇదే సమయంలో గుడ్డికొంగ రంగు మారుతుంది. ఏడాదంతా మట్టిరంగులో ఉండేది వీపు మీద ముదురు మెరూన్ ఈకలు దాల్చుకుంటుంది. పశువుల వెంట తిరిగే కొంగల తల, మెడ నారింజ రంగుకొస్తాయి. చాలామంది వాటిని కొత్త పక్షులనుకుంటారు.

వానాకాలంలో నిలకడగా దొరికేది గిజిగాడు. తాటిచెట్టుకో, నీటి మీదికి వంగిన తుమ్మకో, ఈతచెట్టుకో వేలాడే గూళ్లు మీ చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట తప్పక ఉంటాయి. కొత్తవాళ్లు పూర్తయిన గూటిని తీస్తారు. అది నిశ్చలంగా వేలాడే సంచి, ఫొటోలో ఏమీ జరగదు. మీరు సగం గూటిని వెతకండి. మగపక్షి ముందు ఒక వలయం కడుతుంది, దాని మీద గంట ఆకారంలో గది అల్లుతుంది, అక్కడితో ఆగుతుంది. కింది భాగం తెరిచే ఉంటుంది. ఆ దశలో ఆడపక్షులు చూడ్డానికి వస్తాయి. అవి రాగానే మగవి అన్నీ ఒక్కసారిగా గూళ్లకు తలకిందులుగా వేలాడి రెక్కలు కొడతాయి. ఆడపక్షికి నచ్చితేనే మిగతా గది, పొడుగాటి గొట్టం పూర్తవుతాయి, నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే మిగిలిపోతుంది. ఈ ఆటంతా పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది మధ్య జోరుగా ఉంటుంది, మీ సమయానికి సరిగ్గా సరిపోతుంది. 12 నుంచి 15 మీటర్ల దూరంలో కూర్చోండి. వరి ఆకును చీల్చుకుని పొడుగాటి పీచు నోట కరుచుకుని వచ్చే మగపక్షి కావాలంటే, వచ్చే దారి కనిపెట్టండి. రోజూ ఒకే దిక్కు నుంచి వస్తుంది. 1/2000, ఆకాశం వెనకుంటే ప్లస్ 1. ఒకే చెట్టు దగ్గరికి అయిదారు ఆదివారాలు వెళ్లండి.

వానలో కెమెరాకు మంచి పాలిథిన్ కవరు చాలు. అడుగున లెన్సు హుడ్ (లెన్సు ముందుండే గొట్టం) పట్టేంత బెజ్జం చేసి, హుడ్ చుట్టూ రబ్బరు బ్యాండు వేయాలి. లెన్సు వానకంటే ఎక్కువగా చెడేది ఏసీ గదిలోంచి తీసిన వెంటనే. చల్లటి గాజు మీద బయటి తేమ ఆవిరిలా పట్టేస్తుంది, పావుగంట ఏమీ కనిపించదు. తుడిస్తే మరకలు పడతాయి, లోపలికి తేమ పోతే బూజు. బయల్దేరే ముందు అరగంట కెమెరాను సంచిలోనే జిప్పు వేసి, ఏసీ లేని చోట ఉంచండి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో పెరటి కరివేపాకు మొక్కను చూడండి. పిట్టరెట్టలా కనిపించే చిన్న గొంగళి, తర్వాత పచ్చగా మారేది, కామన్ మార్మన్ అనే నల్ల సీతాకోకచిలుకది. దాన్ని దులిపేయకుండా వదిలేస్తే ఆ కొమ్మకో దగ్గర్లోనో ప్యూపాగా (గొంగళి చిలుకగా మారే గూడు దశ) మారుతుంది. ప్యూపా పచ్చరంగు పోయి నల్లబడి, రెక్కల మీది తెల్లచుక్కలు పైపొరలోంచి కనిపించిన మర్నాటి పొద్దున్నే చిలుక బయటికొస్తుంది. ఆ ఒక్క ఉదయం నిద్ర మానుకోండి. బయటికొచ్చాక రెక్కలు ఆరడానికి గంటకు పైగా పడుతుంది, అప్పటిదాకా కదలదు.

స్వాతి కార్తె నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ముందు ఉప్పలపాడు. గుంటూరుకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో పెదకాకాని వైపు ఉంటుంది, మీకు దాదాపు ఇంటి పక్కే. ఊరి చెరువులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు, నత్తగొట్టు కొంగలు, నీటికాకులు వందల్లో చేరి పిల్లల్ని పెంచుతాయి. వీటిని సైబీరియా పక్షులని ఇప్పటికీ రాస్తుంటారు, అది తప్పు. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ మన దేశంలోనే గుడ్లు పెట్టి, నీళ్లను బట్టి ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు మారే పక్షులు. ఎర్రకాళ్ల కొంగ రెక్కలు విప్పితే ఒకటిన్నర మీటరు, గూడబాతుకు రెండు మీటర్లకు పైనే. ఇంతకు ముందు చెప్పిన లెక్క ప్రకారం 20 మీటర్ల దూరంలోనే మీ 300 ఫ్రేము నిండుతుంది. పెద్ద లెన్సు తెచ్చినవాళ్లే ఫొటోలో రెక్కలు తెగిపోతుంటే వెనక్కి జరుగుతుంటారు.

అక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు చెరువంతటినీ ఒకేసారి తీయాలనుకోవడం. ఒక గూటిని ఎంచుకుని దూరం నుంచే గంట చూడండి. మేతకు వెళ్లిన తల్లో తండ్రో వచ్చేముందు పిల్లలు లేచి మెడలు సాచి అరుస్తాయి. కెమెరా ఎత్తడానికి అదే సంకేతం. పక్షి దిగే ముందు కాళ్లు ముందుకు చాపి రెక్కలు వెనక్కి వంచుతుంది, ఆ ఫ్రేమే అసలు ఫ్రేము. ఎగరబోయే పెద్దపక్షి ముందుకు వంగి రెట్ట వేస్తుంది, ఆ తర్వాత రెండు మూడు సెకన్లలో లేస్తుంది. పెద్ద పక్షులు గాలికి ఎదురుగానే లేస్తాయి, దిగుతాయి కూడా. కాబట్టి గాలి, ఎండ రెండూ మీ వీపు వైపు నుంచి వచ్చే రోజు దొరికితే అన్నీ మీకు ఎదురుగానే దిగుతాయి. అక్టోబరులో గూళ్లు కట్టడం, డిసెంబరు, జనవరిల్లో పిల్లలు, ఫిబ్రవరిలో రెక్కలాడించే పెద్దపిల్లలు. మూడుసార్లు వెళ్తే మూడు రకాల ఫొటోలు. డ్రోన్ తీసుకెళ్లొద్దు. గూళ్ల మీద డ్రోన్ ఎగిరితే తల్లులు ఒక్కసారిగా లేచిపోతాయి, గుడ్లు, పిల్లలు కింద పడతాయి. గూళ్లను చెదరగొట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

నవంబరు, డిసెంబరుల్లో వరి కోతలు. కోసిన మడిలో పాలపిట్ట కరెంటు తీగ మీద కూర్చుని మిడతల్ని చూస్తుంటుంది. తీగ మీది ఫొటో అందరి దగ్గరా ఉంటుంది. వరికుప్ప మీదికో, తర్వాత వేసిన జొన్న, మొక్కజొన్న మడి గట్టు రాయి మీదికో అది దిగేదాకా ఆగండి. బైకు దిగకండి. ఇంజను ఆపి, బైకు మీదే కూర్చుని తీస్తే పది పదిహేను మీటర్ల దాకా రానిస్తుంది, కాలు నేల మీద పెట్టిన మరుక్షణం ఎగిరిపోతుంది. డొంకల్లో ఇదే పద్ధతి తీతువుకూ పనికొస్తుంది. మినుము చేల మీద తక్కువ ఎత్తులో తూలుతూ తిరిగే గద్దలు కనిపిస్తే అవి చలికాలం వలస వచ్చే మార్ష్ హారియర్లు. వాటిని 300తో దగ్గరగా పట్టలేరు. పొలం, మంచు, చిన్నగా గద్ద, అంతా కలిపి తీయండి.

ఈ కాలంలో ఒక ఆదివారం సెలవు సర్దుకుని సూర్యలంక సముద్ర తీరానికి వెళ్లండి, బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు. జనం తిరిగే చోటు వదిలి కిలోమీటరు నడవాలి. పోటు వేళలు చూసుకుని వెళ్లడమే అసలు కిటుకు. ఆటు సమయంలో ఉల్లంకులు (తీరం వెంట మేత వెతికే చిన్న పక్షులు) తడి ఇసుకంతా చెల్లాచెదురై దూరంగా ఉంటాయి. పోటు పెరిగే కొద్దీ నీళ్లు వాటిని మీ వైపు తోస్తాయి. పూర్తి పోటుకు గంట ముందు ఇసుకలో బోర్లా పడుకుని కదలకుండా ఉంటే అవే పది మీటర్లలోకి నడిచొస్తాయి. సముద్రం దగ్గర లెన్సు మార్చొద్దు. ఇంటికొచ్చాక ఉప్పు తేమను కొద్దిగా తడిపిన మెత్తటి బట్టతో, తర్వాత పొడిబట్టతో తుడవాలి, ముందు ఇసుకను బ్లోయరుతో ఊదకుండా తుడిస్తే గీతలు పడతాయి.

దూరప్రయాణం చేయాలని ఉంటే ఏడాదికి ఒక్కటి చాలు: కైకలూరు దగ్గర, కొల్లేరు సరస్సులోని ఆటపాక. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాలో (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల జాబితా) చేరింది. ఆటపాకలో గూడబాతుల కోసం నీటిలో ఇనుప స్టాండ్లు వేశారు, వాటి మీదే గూళ్లు కడతాయి. పడవలో కదులుతూ తీయాల్సి వస్తుంది కాబట్టి 1/1600కు తగ్గొద్దు, స్టెబిలైజేషన్ ఆన్‌లో ఉంచండి.

కట్టల మీద తిరిగేటప్పుడు జాగ్రత్తలు. రక్తపింజరి, నాగుపాము గట్ల గడ్డిలోనే ఉంటాయి, అందులో కోతల కాలంలో ఎలుకల కోసం ఎక్కువగా తిరుగుతాయి. మోకాళ్ల దాకా వచ్చే గమ్‌బూట్లు వేసుకోండి, కూర్చునే చోటును ముందు కర్రతో తట్టండి. పందుల కోసం కొందరు పొలాల చుట్టూ కరెంటు తీగలు కడతారు, అది చట్టవిరుద్ధం, ప్రాణాంతకం. తెలియని చేలోకి చీకట్లో దిగొద్దు.

ట్రైపాడ్ అక్కర్లేదు. పాత జీన్స్ ప్యాంటు కాలును అడుగు పొడవు కత్తిరించి ఒక వైపు కుట్టి, పాలిథిన్ కవర్లో కిలోన్నర శనగలు పోసి అందులో పెట్టి రెండో వైపు కుట్టేయండి. గట్టు మీద, బైకు సీటు మీద, కిటికీ అంచున లెన్సు దాని మీద పెడితే 1/250కి కూడా చెయ్యి కదలదు. కవరు లేకపోతే వానలో శనగలు ముక్కిపోతాయి.

మీ ప్రాంతపు తేమకు లెన్సులో బూజు పట్టడం మామూలే. లెదరు సంచిలో, బీరువా బట్టల మధ్య పెట్టకండి. రబ్బరు అంచున్న గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో 200 గ్రాముల సిలికా జెల్ (తేమ పీల్చే నీలం గింజలు), చిన్న తేమ మీటరు వేసి ఉంచండి. మీటరు 40 నుంచి 50 మధ్య ఉండాలి. నీలం గింజలు గులాబీ రంగుకొస్తే మూకుడులో సన్నసెగ మీద మళ్లీ నీలం అయ్యేదాకా వేయించి, చల్లారాక వేయాలి. ఆ మూకుడును వంటకు వాడొద్దు. బియ్యం డబ్బాలో కెమెరా పెట్టే అలవాటు ఉంటే మానండి, బియ్యపు పొడి లెన్సు సందుల్లోకి పోతుంది.

ఇక పెద్ద లెన్సు. 150-600 రకం రెండు కిలోల బరువుంటుంది. 10 మీటర్లలో ఫ్రేము 39 సెంటీమీటర్లకు తగ్గుతుంది, అంటే ఇప్పుడు 5 మీటర్ల నుంచి తీసేది 10 నుంచి తీయగలరు. అంతే లాభం. సెగ తగ్గదు, చెయ్యి వణుకు రెట్టింపు కనిపిస్తుంది. ఈ ఏడాది ప్రతి ఆదివారం ఒక నోటుపుస్తకంలో నాలుగు మాటలు రాయండి: తేదీ, చోటు, నీళ్లెలా ఉన్నాయి, పక్షి ఎంత దూరంలో ఉంది. వచ్చే మే నాటికి మంచి ఫొటో తప్పిపోయిన సందర్భాల్లో సగానికి పైగా దూరం వల్లే అయితే, అదీ కట్టల మీది చిన్న పిట్టల దగ్గరైతే, అప్పుడు కొనండి. కొనేముందు డిసెంబరులో రెండు రోజులు విజయవాడలో అద్దెకు తీసుకుని, ఒక రోజు ఉప్పలపాడులో, ఒక రోజు మీ కాలువ కట్ట మీద వాడి చూడండి.